చాటెడు తవుడు

నీలమ్మ తన బిడ్డను చాటెడు తవుడుకు అమ్మింది. ఇందుల దాచుకునే ముచ్చటేం లేదు, ఫలక్‌నుమా స్టేషన్ ఎన్క గల్లీల ఎవర్ని అడిగినా చెప్తరు. అమ్మిననాటికి పిల్లకు పదకొండు దినాలు. కొన్నది గోడ అవతలి బేబీ. బేరం కుదిర్చింది నీలమ్మ అత్త కృష్ణమ్మ. ఆ తవుడు కూడ కృష్ణమ్మనే పాలోళ్ల కొట్టంల అడుక్కొచ్చి బేబీ చేతిల పెట్టింది, బేబీ చేతికెల్లి మళ్ల తనే తీసుకున్నది, అటెన్క పిల్లను చాటల పండవెట్టి గోడ మీదికెల్లి అందిచ్చింది. గిదేం బేరమని నవ్వకున్రి. అంతకుముందు నీలమ్మకు ఇద్దరు పుట్టి పోయిన్రు. ఒకడు తొమ్మిదో దినానికి, ఇంకొకడు గోడ పట్టుకోని నిలబడే ఈడుకు. అట్ల వరుసగ పోతున్న ఇంట్ల మళ్ల పుట్టిన పిల్లను పక్కోళ్లకు అమ్మేస్తే, సావు వచ్చి వెతుక్కోని, ఈళ్లకు పిల్లలే లేరని మళ్లిపోతదట. కృష్ణమ్మకు వాళ్లమ్మ చెప్పింది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది.

బేబీకి ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ దగ్గు, పడిశం తప్ప ఇంకో రోగం తెల్వదు. అందుకే ముసలామె కన్ను ఆమె మీద పడ్డది. బేబీ మొగడు ఇశ్రాయేలు స్టేషన్ల రైలు డబ్బాలు కడిగే కాంట్రాక్టు పని చేస్తడు, బేబీ సర్కారు బడిల ఆయమ్మ. ఆదివారం వచ్చిందంటే వానొచ్చినా చర్చి తప్పని మనుషులు.

“మా దేవుడు గిట్లాంటియి ఒప్పుకోడు అత్తా” అన్నది బేబీ మొదలు.

“మీ దేవుణ్ని నేనెక్కడ అడిగిన? నిన్ను అడుగుతున్న” అన్నది కృష్ణమ్మ.

ఆ ముసలామెతోని మాటలకు దిగి గెలిచినోళ్లు ఆ గల్లీల లేరు. బేబీ చాట అందుకున్నది. కొన్నామెనే పేరు పెట్టాలె గనక స్వీటీ అని పెట్టింది, పాలియ్యమని పిల్లను మళ్ల నీలమ్మ ఒళ్లె వేసింది.

దానికి ఒక షరతున్నది. అమ్మినామె ఇగ నోటితోని ‘నా బిడ్డ’ అనొద్దు, పిల్ల పెద్దమనిషయ్యేదాక అనొద్దు. పాలియ్యొచ్చు, తానం పోయొచ్చు, తలకు నూనె పెట్టొచ్చు, తప్పు చేస్తే రెండు వెయ్యొచ్చు. ఆ ఒక్క మాట మాత్రం రావొద్దు. ఎవరన్న అడిగితే బేబీ బిడ్డ అని చెప్పాలె. పిల్ల కూడ బేబీని అమ్మా అని, కన్నదాన్ని నీలమ్మా అని పిలవాలె. మొదట్ల ఆ పిలుపు విన్నప్పుడల్ల నీలమ్మ చేతిల పని ఆపి పిల్ల దిక్కు చూసేది. పిల్ల బతికున్నది గద, ఎట్ల పిలిస్తేంది అని సముదాయించుకున్నది.

ఇంతవరకు పాతకాలం సంది నడుస్తున్నదే. కృష్ణమ్మ ఆడికే ఆగితే ఈ కథే లేదు. కాన్పు ఇంట్లనే అయింది, బోనాల జనంల ఆటో ఇరుక్కపోయి దవాఖానకు పోనేలేదు. పిల్లను అమ్మిన వారం దినాల తర్వాత పుట్టిన కాయితం కోసం పేర్లు రాసుకోనీకి కొత్త ఆశా వర్కర్ వస్తే, తల్లి పేరు బేబీ, తండ్రి పేరు ఇశ్రాయేలు అని రాయించింది కృష్ణమ్మ. ఈ కాలంల ఏదైనా కాయితం చూసే నమ్ముతున్నరు, సావు మాత్రం చూడదా అని ఆమె లెక్క. కొడుకు నగేష్ ఇది మంచిగ లేదమ్మా అనబోయిండు.

“ఇద్దర్ని మోసుకపోయి మట్టిల పెట్టొచ్చినవు. దీన్ని గూడ మోస్తవా?” అన్నది.

నగేష్ చెప్పులేసుకోని బయటికి పోయిండు. ఆ కాయితం చూసి ఆధార్ ఇచ్చిన్రు, ఆధార్ చూసి బేబీ రేషన్ కార్డుల పేరెక్కించిన్రు, కార్డు చూసి బడిల రాసుకున్నరు. అన్నిట్ల స్వీటీ బేబీ బిడ్డనే అయింది. బేబీ మాత్రం ధర్మం తప్పలె. పిల్ల పేరు మీద వచ్చే బియ్యం నెలనెలా వేరే సంచిల కట్టి గోడ మీదికెల్లి అందిచ్చేది.

ఏడేండ్లు మంచిగనే గడిచినయి. పోయిన క్రిస్మస్‌కు లొల్లయింది.

చర్చిల పిల్లలతోని ఏసు పుట్టిన నాటకం ఆడించిన్రు. స్వీటీకి బేబీ తెల్ల గౌను కుట్టించింది, ఈపుకు అట్టముక్క రెక్కలు కట్టింది. నీలమ్మ లోపలికి పోలేక గేటు కాడ నిలబడి చూస్తున్నది. పాస్టరు మైకుల “మన బేబీ సిస్టర్ చిన్న కూతురు స్వీటీ” అని పిలిస్తే అందరు చప్పట్లు కొట్టిన్రు. షరతు ప్రకారమైతే నీలమ్మ సంతోషపడాలె, సావు చెవిల పడేటట్టు మైకుల చెప్తున్నరు మరి. గని ఆమె చూడలేక గేటు కాడికెల్లి మళ్లిపోయింది. ఇంటికొచ్చినంక పిల్ల గౌను ఇడువనని మొండికేసింది, అమ్మ కాడనే ఉంటనని బేబీ చీరకొంగు పట్టుకున్నది. అంతే, నీలమ్మ గల్లీలకొచ్చింది.

“చాటెడు తవుడిచ్చి నిజంగనే కొన్ననుకుంటున్నవా? అది నా బిడ్డ. నా కడుపుల పుట్టిన నా బిడ్డ” అని పదిమంది వినంగ అన్నది.

బేబీ పిల్లను లోపలికి తీసుకపోయింది. పిల్లకు గౌను ఇప్పింది, పాత బట్టలు తొడిగింది, రెక్క పట్టుకోని తీసుకొచ్చి నీలమ్మ కడప లోపల నిలబెట్టి పోయింది. అప్పటి సంది ఇద్దరికి మాటలు బందయినయి. బియ్యం మాత్రం బంద్ కాలె, స్వీటీ చేతికిచ్చి పంపేది.

సంక్రాంతి దాటినంక పిల్ల ఆడుకుంట ఆడుకుంట మోకాళ్లు ముడుచుకోని గొంతుకూసునుడు మొదలైంది. ఎండకాలం పోయేసరికి నాలుగు మెట్లెక్కితే పెదవులు నల్లగయ్యేటియి. బస్తీ దవాఖానల చూపించిన్రు, వాళ్లు పెద్ద దవాఖానకు రాసిన్రు, ఆడ గుండె ఫొటో తీసి చూసిన డాక్టరు గుండెల రంధ్రం ఉన్నదన్నడు. ఆపరేషన్ చేయాలె, ఈ నెల దాటనియ్యొద్దు అన్నడు.

“ఎప్పుడు పడ్డది సార్ రంధ్రం?” అని అడిగింది నీలమ్మ.

“పడుడు కాదమ్మా, పుట్టుకతోనే ఉంది. ఇప్పుడు బయటపడ్డది.”

నీలమ్మ నమ్మలె. ఆయన చదివిన చదువుల ‘నా బిడ్డ’ అన్న మాట ఉండదు గద. క్రిస్మస్ దాక ఉరికిన పిల్ల క్రిస్మస్ దాటినంక ఎందుకు కూలవడ్డది? ఆ మాట అన్న నోరు తనది. ఆ సంగతి మొగనికి చెప్పలె, అత్తకు చెప్పలె, ఒక్కతే లోపల కుమిలింది.

మూడున్నర లక్షలయితదన్నరు. నగేష్ ఆషాడం సంది ధూల్‌పేట్ల వినాయకులకు రంగులేస్తడు, మిగతా దినాలు ఇండ్లకు సున్నాలేస్తడు. నీలమ్మ ఇంట్ల కూసోని లక్క గాజులకు రాళ్లు అంటిస్తది. సేటు సీజన్ పైసలు ముందుగల్లనే ఇచ్చిండు, పుస్తెలు తాకట్టుకు పోయినయి, అన్నీ కలిపినా పదోవంతు కాలె. డాక్టరే చెప్పిండు, కార్డున్నోళ్లకు పైస లేకుంట చేస్తరు, ఫికర్ చేయకున్రి, కింద కౌంటర్ల రాయించుకోన్రి అని. ఆ సంబురంల పిల్ల పేరు బేబీ కార్డుల ఉన్నదని ఇద్దరికీ యాదికి రాలె, తమ కార్డు పట్టుకోని ఉరికినట్టే పోయిన్రు.

కౌంటర్ల కూసున్నాయన పిల్ల ఆధార్ నంబర్ కొట్టిండు, మళ్ల కొట్టిండు, నీలమ్మ మొఖం చూసిండు.

“మీ కార్డుల ఈ పాప లేదమ్మా. వేరే కార్డుల చూపిస్తున్నది. తల్లి పేరు బేబీ అని ఉంది. మీరేమయితరు?”

నా బిడ్డ అని నీలమ్మ ఇప్పుడెట్ల అంటది? ఒక్కసారి అంటేనే గింతగనం అయింది, దవాఖానల నిలబడి ఇంకోసారి అంటే ఏం మిగుల్తది? నగేష్ చెప్పబోతుంటే మోచేయి పట్టి గుంజింది.

“ఆ కార్డామె వచ్చి వేలిముద్ర వేస్తే ఇయాళనే రాసుకుంట” అన్నడాయన. “పేర్లు మార్చుకుంటమంటరా, అది కోర్టు దాక పోవాలె. నెలలు పడ్తది.”

నెలలు పిల్ల కాడ లేవు.

ఇంటికొచ్చినంక కృష్ణమ్మకు సంగతి తెలిసింది. ముసలామె గోడ దిక్కు మల్లి కూసున్నది, బువ్వ ముట్టలె. చీకటి పడ్డంక “నేను పోయి బేబీ కాళ్లు పట్టుకుంట” అన్నది.

“నువ్వు చేసిన కాడికి సాలు అత్తా” అన్నది నీలమ్మ. పన్నెండేండ్ల కాపురంల అత్తకు ఎదురు చెప్పుడు అదే మొదలు.

పోవాల్సింది తనే అని నీలమ్మకు ఎరుకే. ఎరుకై కూడ మూడు దినాలు కడప దాటలె. సిగ్గొక్కటే కాదు, భయం. గల్లీల నిలబెట్టి పరువు తీసిన మనిషి కాడికి ఏ మొఖం పెట్టుకోని పోవాలె? ఆమె ‘నీ బిడ్డ గద, నువ్వే చూస్కో’ అంటే ఏం జవాబున్నది? మూడో దినం స్వీటీ నీళ్ల చెంబు తెస్త తెస్త నడుమల కూసుండిపోయింది. నీలమ్మ చేతుల గాజు పక్కన పడేసి లేచింది.

బేబీ బడికెల్లి అప్పుడే వచ్చి చాయ్ గిన్నె పొయ్యి మీద పెడుతున్నది. కడపల నిలబడ్డ నీలమ్మను చూసింది.

“లోపలికి రా” అన్నది.

ఏడు నెలలకు అదే మొదటి మాట. నీలమ్మ ఎంతో అనుకోని వచ్చింది, ఒక్కటీ యాదికి లేదు. “కార్డు కావాలె” అన్నది.

“ఎరుకే. స్వీటీ చెప్పింది. మూడు దినాల సంది చూస్తున్న, ఎప్పుడొస్తవా అని.”

“ఎరుకై ఉండి నువ్వెందుకు రాలె?”

“ఎట్లొస్త నీలమ్మా? నిజంగనే కొన్ననుకుంటున్నవా అని గల్లీల అన్నవు గద. రేపొచ్చి మళ్ల అదే అంటే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?” అన్నది బేబీ. పెట్టె మీద ప్లాస్టిక్ కవరున్నది. అందుల కార్డు, ఆధార్లు, జిరాక్సులు అన్నీ మడతపెట్టి ఉన్నయి. “రేపటికి లీవు చెప్పిన. ఎన్ని గంటలకు పోవాలె?”

నీలమ్మ ఆ కవరు దిక్కే చూసింది. తప్పయింది అనాలని ఉన్నది, “తొమ్మిది గంటలకు” అన్నది.

“ఒక్కటి” అన్నది బేబీ చాయ్ గంటెతోని కలుపుకుంట. “ఆడ నన్ను అబద్ధం చెప్పమనొద్దు. నేను చెప్పలేను.”

“అబద్ధమేంది, కొన్నవు గద.”

“ఆ తవుడు మీ అత్తదే.”

ఇద్దరికి నవ్వు రాబోయింది. రాకముందే ఇద్దరు చెరో దిక్కు చూసిన్రు. బేబీ చాయ్ రెండు గ్లాసులల్ల పోసింది.

తెల్లారి దవాఖానల పది నిమిషాల్ల పనయింది. బేబీ ఫొటో దిగింది, వేలేసింది, ఎవరూ ఏమీ అడగలె. పిల్లను వార్డుల చేర్చుకున్నరు. తల్లి పాసు బేబీ మెడల వేసిన్రు. నీలమ్మకు చూసిపోయే టైముల గంటసేపే. ఆ గంటల స్వీటీ తల దువ్వేది, మిగతా పొద్దంత కింద చెట్టు కాడ కూసోని గాజులకు రాళ్లు అంటించేది.

నాలుగో దినం డాక్టరమ్మ కాయితం తెచ్చింది. నెమ్మదిగ, అర్థమయ్యేటట్టు చెప్పింది. పిల్ల బలహీనంగ ఉన్నది, ఆపరేషన్ టేబుల్ మీదనే ఏమన్న కావచ్చు, అయినా చేయకుంటే ఇంకా ప్రమాదం, ఇవన్నీ తెలిసి ఒప్పుకుంటున్నట్టు తల్లి సంతకం పెట్టాలె. బేబీ పెన్ను పట్టుకున్నది. కాయితం మీదికి వంగింది. 

“జర ఆగున్రి మేడం” అని పెన్ను కింద పెట్టి బయటికొచ్చింది. నీలమ్మ నీళ్ల ఫిల్టర్ కాడ నిలబడి ఉన్నది.

“నేను పెట్టలేను” అన్నది బేబీ.

“ఫొటో దిగినవు, వేలేసినవు. ఇప్పుడేమయింది?”

“అది పైసల కోసం. ఇది పాణం మీదిది. రేపు ఏమన్నయితే నా సంతకంతోనే అయినట్టు గద. ఒక్క గౌను తొడిగినందుకే నన్ను గల్లీల నిలబెట్టినవు. గిట్లాంటిదయితే నువ్వు నన్ను బతకనిస్తవా? పోనీ నువ్వు ఊకున్నా, నాకు నేను బతుకుతనా?”

నీలమ్మకు ఒక్క నిమిషం తిక్క లేచింది. లోపలికి పోయి పెన్ను గుంజుకోని, తల్లిని నేనే అని గీకాలనిపించింది. అట్ల చేస్తే కార్డు పోతది, కార్డుతోని ఆపరేషన్ పోతది. ఆ మాట ఇంకోసారి నోటికెల్లి వస్తది. ఇంకొకటి కూడ తెలిసింది, బేబీ చెప్పింది నిజం. తనే బేబీ జాగల ఉంటే పెన్ను పట్టుడు కాదు, దవాఖాన గేటు దాక కూడ వచ్చేది కాదు.

“ఇటు చూడు” అన్నది. “నేను ఆటకు అమ్మలె. ఇద్దరు పోయినంక, ఇది నాది కాకున్నా సరే, ఎక్కడన్న ఉంటే సాలని అమ్మిన. ఆ దినం చర్చిల నిన్ను చూసి ఓర్వలేకపోయిన. అమ్మినదాన్ని మళ్ల నాదన్న. తప్పు నాది. అది నీ బిడ్డ బేబీ. ఏమన్నయితే నీ బిడ్డ పోయినట్టు. నేను వచ్చి నీ కాడ కూసోని ఏడుస్త గని నిన్ను ఒక్క మాట అనను. బతికితే నీ బిడ్డ బతికినట్టు. పో, పెట్టు.”

బేబీ ఆమె చేయి పట్టుకున్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

“ఈ మాట మీదనే ఉంటవా?”

“ఉంట.”

బేబీ కొంగుతోని మొఖం తుడుచుకోని లోపలికి పోయింది. తలుపుల నిలబడి నీలమ్మ చూసింది. బేబీ ఒక్కొక్క అక్షరం బడిపిల్లలెక్క దిద్ది రాసింది. నీలమ్మ లోపల ఏదో తెగినట్టయింది. అయినా మనసు జర తేలికపడ్డది. దాని మీద ఇగ తన నీడ లేదనుకున్నది.

బేస్తారం పొద్దుగాల ఏడు గంటలకు తీసుకపోయిన్రు. తోపుడు మంచం మీద స్వీటీ ఆకుపచ్చ బట్టలల్ల ఇంత చిన్నగ కనపడ్డది. ఒక చేత్తోని బేబీ వేలు పట్టుకున్నది, తల తిప్పి నీలమ్మను చూసింది.

“నీలమ్మా, నువ్వు ఈడనే ఉంటవా?”

“ఏడికి పోత? ఈడనే ఉంట” అన్నది నీలమ్మ.

తలుపులు పడ్డయి. నగేష్ ధూల్‌పేట్‌కెల్లి సీదా వచ్చిండు, గోర్లల్ల బంగారు రంగు అట్లనే ఉన్నది. కాసేపు నిలబడ్డడు, కాసేపు కూసున్నడు, చాయ్ తెస్తనని పోయి చాయ్ లేకుంట వచ్చిండు. బేబీ కండ్లు మూసుకోని లోలోపల ప్రార్థన చేస్తున్నది. నీలమ్మ ఏ దేవుణ్నీ అడగలె. బిడ్డ తనది కానప్పుడు తను అడుగుతే బాగుండదని ఊకున్నది.

పగటిపూట రెండు గంటలకు డాక్టరు బయటికొచ్చిండు. ఆపరేషన్ మంచిగయిందన్నడు. ఇంకా రెండు దినాలు గడవాలె, అప్పటిదాక ఏదీ గట్టిగ చెప్పలేమన్నడు. నగేష్ గోడకు తల ఆనించి చిన్నపిల్లగానిలెక్క ఏడ్చిండు, ముసలామెకు ఫోన్ చేయాలని కిందికి పోయిండు.

ఇంకో గంటకు నర్సు తలుపు తెరిచింది.

“స్వీటీ తల్లి ఎవరు? పాప కండ్లు తెరిచింది, ఒక్కరే రావాలె.”

నీలమ్మ లేచింది. కాళ్లు వాటంతటయే లేచినయి. సగం లేచినంక యాదికొచ్చి, మళ్ల బెంచీ మీద కూసున్నది.

బేబీ వంగి చెవిల చెప్పింది. “నువ్వు పో. పాసు నీ మెడల వేస్త, ఎవరు చూస్తరు?”

“రెండు దినాలు గడవాలన్నరు గద” అన్నది నీలమ్మ. “నువ్వే పో. లేటు చేయకు, అది చూస్తుంటది.”

బేబీ ఇంకేమో అనబోయింది. నర్సు మళ్ల పిలిచింది. బేబీ చెప్పులు విడిచి లోపలికి పోయింది, తలుపు మూసుకున్నది.

బెంచీ ఆ కొసకు పొద్దుగాల సంది ఒక ముసలామె కూసోని ఉన్నది, బురఖా ముసుగు పైకెత్తుకోని తస్బీ పూసలు తిప్పుతున్నది. ఆమె మనవడు కూడ లోపలనే ఉన్నడట. నీలమ్మ దిక్కు జరిగింది.

“అందర్ ఆప్ కీ బచ్చీ హై క్యా మా?” లోపలున్నది నీ బిడ్డనా అని అడిగింది.

నీలమ్మ కండ్లు తుడుచుకున్నది. తుడిచినకొద్దీ కారుతనే ఉన్నయి.

“నై అమ్మీ. పక్కింటామె బిడ్డ” అన్నది.

ముసలామె తస్బీ ఆపింది. నీలమ్మ తడిసిన కొంగు చూసింది, మూసిన తలుపు చూసింది. హైదరాబాదుల పుట్టి పెరిగిన మనిషి, తెలుగుల్నే అడిగింది.

“పక్కింటి పిల్ల కోసం గింత ఏడుస్తరా బిడ్డా?”

“ఏడుస్తరు అమ్మీ” అన్నది నీలమ్మ.